అతిథి గదిని ఆక్రమించిన అలమరలు

నేటి భాగ్యనగర గృహములలో ఒక నూతన సంస్కారము ప్రబలుచున్నది. మూడు పడకగదుల ఇంటిలో ఒక గది ‘ఖాళీగా పడియున్నది’ అని నిర్ణయింతురు. గోడనుండి గోడకు అలమరలు బిగింతురు. అద్దపు తలుపులు, లోపల దీపములు, చెప్పులకు అరలు, చీరలకు కడ్డీలు, చేతిగడియారములకు మఖమలు పరచిన సొరుగులు అమర్తురు. దానికి వాక్-ఇన్ క్లోజెట్ అని నామకరణము. భోగి భోగమును కోరుటలో వింత లేదు. దానిపై తత్త్వవిచారము అనవసరము. వింత ఎక్కడనగా, ఈ భోగమునకు సాధన అను కాషాయము కప్పుటలో ఉన్నది. ‘వస్తువులు క్రమములో నున్నచో మనస్సు క్రమములో నుండును, ఇది శౌచము, ఇదియే సత్త్వగుణము’ అను మాట సత్సంగములకు నిత్యము వచ్చువారి నోటనే వినబడుచున్నది. ఉపేక్షింపదగిన మాట కాదిది.

శౌచమును సాక్షిగా పిలుచువారు పతంజలి యోగసూత్రములను మరియొకసారి తెరచుట మంచిది. సాధనపాదములో నియమములు ఐదింటిలో శౌచము మొదటిది, నిజమే. కాని దాని ఫలముగా మహర్షి చెప్పినదేమి? తన అంగములపై తనకే జుగుప్స కలుగుట, పరదేహ సంసర్గమునందు రుచి నశించుట. ఎంత కడిగినను ఈ దేహము పూర్ణముగా శుద్ధము కాజాలదని అనుభవమునకు వచ్చుటయే బాహ్యశౌచము యొక్క పరిపాకము. అట్టి దేహమును నూరు విధముల అలంకరించుటకు ఇంటిలో ఒక గదిని కేటాయించి, దానికి శౌచమని పేరిడుట, తాను పిలిచిన సాక్షి చేతనే తన వ్యాజ్యమును ఓడించుకొనుట వంటిది. పైగా నియమములకు ముందు యమములున్నవి. ఆ యమములలో కడపటిది అపరిగ్రహము.

ఆ అపరిగ్రహమును వ్యాసభాష్యము వివరించు తీరు ఈ సందర్భమునకు కొలిచి కుట్టినట్లు సరిపోవును. విషయ స్వీకారమునందు భాష్యకారుడు ఐదు దోషములను చూపును: ఆర్జనము, రక్షణము, క్షయము, సంగము, హింస. ఈ ఐదు దోషములను దర్శించుటచేత స్వీకరింపకుండుటయే అపరిగ్రహము. ఇప్పుడు క్లోజెట్ ఈ ఐదింటిలో దేనిని తీర్చుచున్నది? ఒక్క రక్షణమును మాత్రమే. అదియును తీర్చుట కాదు, గౌరవించుట. ఆర్జన ప్రయాస యథాతథముగా ఉన్నది. అరలు ఎక్కువైన కొలది అంగడి దగ్గరగును. క్షయమును ఏ వడ్రంగియు ఆపలేడు. శ్రావణ భాద్రపదముల చెమ్మకు బూజు పట్టును, మడతల వెంట పట్టు చిట్లును, కలరా ఉండల వాసన దాటి పురుగు చేరును. సంగము సంగతి చెప్పనే అక్కరలేదు. అద్దపు తలుపు వెనుక దీపము వెలుగుచుండగా వస్తువు విగ్రహమగును. హింస యందువా, మరుగు నీటిలో పడిన పట్టుగూళ్లు దానికి సాక్ష్యము. మడి పేరిట పూజకు కట్టునది ఆ వస్త్రమే అగుట ఇక్కడ విస్తరింప వీలుకాని ప్రసంగము, మరువదగిన ప్రసంగమును కాదు.

దోషములు ఐదింటిలో నాల్గింటిని అట్లే ఉంచి, ఒకదానికి సింహాసనము వేసి, దీనిని సాధన యనుట తగునా?

ఈ విచారమునకు భాగ్యనగరముకంటె యోగ్యమైన స్థలము లేదు. ఆబిడ్స్ అను పేరే ఒక వస్త్రశాలనుండి పుట్టినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1869లో పసితనముననే గద్దెనెక్కి 1911లో మరణించువరకు పాలించెను. ఆయన ఉడుపులను, వ్యక్తిగత సామగ్రిని చూచుకొను పరిచారకుడు ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మీనియా దేశీయుడు. అతడు తెరచిన దుకాణము పేరుమీదనే ఆ ప్రాంతమునకు ఆబిడ్స్ అను పేరు స్థిరపడినది. ప్రభువుగారు ఒకమారు వాడి మరచిన వస్తువులు ఆ పరిచారకుని ద్వారా బయటికి వెళ్లి, మరల ప్రభువుగారికే విక్రయింపబడెడివని ఒక జనశ్రుతి. జనశ్రుతి సత్యమో కాదో, దానిలోని తర్కము మాత్రము నిర్దుష్టము. తన వద్ద ఏమున్నదో తనకు తెలియనంత సంపద గలవాడు, తన వస్తువునే తాను మరల కొనగలడు. నేడు అలమర అడుగున అదే రంగు చీర ఉన్నదని ఎరుగక మరియొకటి తెచ్చుకొను గృహిణికి, అదే చొక్కాను మూడవమారు కొను గృహస్థునికి మధ్యవర్తి ఆబిడ్ కూడ అక్కరలేదు.

ఆ ప్రభువు వస్త్రశాల నేటికిని పురానీ హవేలీలో నిజాము మ్యూజియమునందు చూడవచ్చును. రెండంతస్తులు, బర్మా టేకు, నూరింటికి మించిన అలమరలు, నూటయేబది అడుగులను దాటిన నిడివి, పై అంతస్తునకు చేరుటకు చేతితో నడుపు కొయ్య లిఫ్టు. క్రమము అనగా అది. ఎవరేని క్రమబద్ధతవలన చిత్తశుద్ధి కలుగునని వాదించినచో, ఆ శాలను నిర్మించినవాడు జీవన్ముక్తుడు కావలసియున్నది. ఆయన ఒకమారు ధరించిన వస్త్రమును రెండవమారు ధరింపలేదని చెప్పుకొందురు. ఆయన దానశీలుడనియు ప్రజలు చెప్పుకొందురు; ఇచ్చట విచార్యము ఆయన గుణదోషములు కావు, ఆయన అలమరలు.

భగవద్గీత రెండవ అధ్యాయములో శ్రీకృష్ణ పరమాత్మ దేహాంతరప్రాప్తిని వస్త్రముతో పోల్చెను. ఆ ఉపమానమును వినని హిందువు లేడు, శ్మశానములోను వినబడును. కాని దానిలో ఒక విశేషణమున్నది: జీర్ణమైన వస్త్రము. పలుమారులు కట్టి, ఉతికి, అంచు చిరిగి, రంగు వెలసి, ఇక దీని పని ముగిసినదని చేతికే తెలిసిన వస్త్రమును విడుచువానికి దుఃఖము లేదు. ఆ అనుభవము ఉన్నవానికే ఆ ఉపమానము అర్థమగును. ఒక వస్త్రమైనను జీర్ణమగుట చూడనివానికి భగవంతుడు దేనితో పోల్చి చెప్పవలెను? నూరు వస్త్రములు కొత్తదనము తగ్గకుండ వరుసగా వ్రేలాడుచుండగా, ‘జీర్ణము’ అను పదమునకు అతని జీవితములో అర్థమే లేదు. వెనుకటి ఇంటిలో దండెముపై రెండు పంచెలు, పెట్టెలో వేపాకు నడుమ ఒక పెండ్లిపట్టు ఉండెడివి. పంచె చినిగి తుండు అయ్యెడిది, తుండు చినిగి మసిగుడ్డ అయ్యెడిది, మసిగుడ్డ చినిగి దీపపు వత్తి అయ్యెడిది. ఆ ఇంటి పిల్లవానికి గీతోపమానము వ్యాఖ్యానము లేకయే బోధపడెడిది.

ఆరవ నిజాము వజ్రము కథ కూడ ఇక్కడనే స్మరింపదగినది. జాకబ్ వజ్రము, 184.75 కారెట్లు. దాని కొనుగోలు విషయమై 1891లో కలకత్తాలో వ్యాజ్యము నడచినది. అంత రభస జరిగిన వజ్రము తుదకు ఎక్కడ చేరినది? తండ్రి మరణానంతరము, ఒక జోడు ముందుభాగములో దూర్చియుండగా కుమారునికి దొరకినదని చెప్పుదురు. కుమారుడు దానిని కాగితములు ఎగురకుండ బరువుగా వాడుకొనెనట. 1995లో భారతప్రభుత్వము కొన్న నిజాము ఆభరణములలో అదియు నొకటి. ప్రతి వస్త్రమునకు ఒక చోటున్న ఆ ఇంటిలో ఒక వజ్రమునకు చోటు చెప్పువాడు లేకపోయెను.

ఇక్కడ మరియొక పక్షము తలయెత్తును. ‘అయినచో వస్తువులను తగ్గించుటయే మార్గము; పది జతలు చాలును, తక్కినవి తీసివేయవలెను’ అని ఈ పక్షము. వినుటకు అపరిగ్రహమువలెనే ఉండును. దీనికి ఉత్తరము ఆబిడ్స్ పొరుగుననే ఉన్న కింగ్ కోఠిలో దొరకును. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాత టోపీతో, నలిగిన షేర్వానీతో కాలము గడపెను. 1937లో టైమ్ పత్రిక ఆయనను ముఖపత్రముపై ప్రకటించినది ప్రపంచములో అత్యంత ధనవంతుడుగా. పాత టోపీ అపరిగ్రహము కాదు. వెనుక గదులలో నిధులుండగా ముందు గదిలో చినుగుపాత కట్టుట పరిగ్రహమునకే మరియొక వేషము. లెక్కపెట్టి ముప్పదిమూడు వస్త్రములే ఉంచుకొనువాడు, ఆ లెక్కను పదిమందికి చెప్పుకొన్న క్షణమున ముప్పదినాల్గవ దానిని ధరించినవాడగును. గీత ఆరవ అధ్యాయములో యోగికి అపరిగ్రహుడు అను విశేషణముతోపాటు నిరాశీః అను విశేషణము కూడ ఉన్నది. ఆశ విడువక వస్తువును విడుచుట ఇల్లు ఊడ్చి చెత్తను చాపక్రిందికి నెట్టుటయే.

సంఖ్య ప్రధానము కానిచో మరి ప్రధానమేది? శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధములో అవధూత చెప్పిన ఇరువదినలుగురు గురువులలో ఒక కన్యక ఉన్నది. ఆమెను వరించుటకు అతిథులు వచ్చిరి. బంధువులు ఇంట లేరు. అతిథుల భోజనమునకై ఆమె చాటున వడ్లు దంచుచుండగా చేతి కంకణములు ఘల్లుమనెను. సిగ్గుపడి ఒక్కొక్కటిగా తీసివేసి చేతికి రెండు ఉంచుకొనెను, రెండును మ్రోగెను, అప్పుడు చేతికి ఒక్కటే మిగిల్చెను. ధ్వని ఆగినది. అవధూత దీనినుండి ఏకాంతమును నేర్చుకొనెను. కాని ఆ కన్యక తన కంకణములను ఎందుకు తీసినదో కూడ గమనింపవలెను. ఆమె వైరాగ్యమును అభ్యసించుట లేదు. చేతులకు లెక్క పెట్టుకొనుట లేదు. వాకిట అతిథి ఉన్నాడు, వండవలసియున్నది. ఆ పనికి అడ్డమైనది రాలిపోయినది. ఆమె మరియొక గదిలోనికి పోయి కంకణములను రంగుల వరుసలో అమర్చియుండినచో అతిథులు పస్తుండెడివారు.

కావున వివాదము అలమర పెద్దదా చిన్నదా అని కాదు. ఆ గది ఎవరిది అని.

‘ఖాళీ గది’ అను మాటయే పరీక్షింపదగినది. తెలుగునాట ఆ గది ఎన్నడును ఖాళీ కాదు. దానికి యజమాని రాలేదు, అంతే. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి, అన్నమును, ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి ఆనందమే బ్రహ్మమని తెలిసిన తరువాత, ఆ తెలిసినవానికి కొన్ని వ్రతములను విధించినది. వాటిలో ఒకటి, నివాసము కోరి వచ్చిన ఎవ్వరిని త్రోసిపుచ్చరాదు అనునది. గమనింపదగినది దీని స్థానము. ఇది బ్రహ్మవిద్యకు ముందుమెట్టు కాదు; ఆనందవల్లిని, భృగువల్లిని దాటినవాడు చేయవలసిన పని. కఠోపనిషత్తులో యముడంతటివాడు, తన ఇంట మూడు రాత్రులు అన్నము లేక గడపిన బాలునికి క్షమాపణ చెప్పి, రాత్రికొక వరము చొప్పున ఋణము తీర్చెను. ఆత్మవిద్య యంతయు ఆ అతిథి ఋణమునుండియే వెలువడినది.

ఈ నగరములోనే, ఏడవ నిజాము కాలమున, నాంపల్లి రైలుస్టేషను చెంత బాటసారుల కొరకు ఒక సరాయి కట్టబడినది. టోపీ మార్చని ప్రభువు కాలమున కట్టిన ఆ గదులు ఎవ్వరి వస్త్రములకును ఉద్దేశింపబడినవి కావు. ఆ సరాయి చాలకాలము శిథిలమై పడియుండగా, తండ్రి వస్త్రశాల మాత్రము మెరుగుపెట్టిన టేకుతో ప్రదర్శనలో ఉన్నది. ఏది నిలిచినది, ఏది కూలినది అనుదానిని నగరపు అభిరుచికి గుర్తుగా తీసికొనుట అన్యాయము కాదు.

గది మారునప్పుడు మొదట బయటికి పోవునవి పుస్తకములు. ఆదివారము దుకాణములు మూసిన ఆబిడ్స్ కాలిబాటలపై పరచు పాతపుస్తకముల గుట్టలలో తాతగారి సంతకమున్న భాగవతము, పారాయణ తేదీలు వ్రాసియున్న రామాయణము దొరకుట ఎవరికిని ఆశ్చర్యము కాదు. తరువాత పోవునది నవారు మంచము. చివరకు పోవునది, మంచముపై పరుండుటకు వచ్చువాడు.

ఇక్కడ న్యాయముగా ఒప్పుకొనవలసినది ఒకటున్నది. చిన్న ఇంటిలో ఐదుగురు కాపురముండగా అలమర సర్దుట దోషము కాదు, సర్దనిచో దోషము. తల్లి పెండ్లిచీరను భద్రపరచుట సంగమే అయినను కృతజ్ఞత దానిలో కలిసియున్నది. ఆషాఢమాసపు తగ్గింపులో ఒక చీర కొనుట మహాపాతకము కాదు. అయితే యతులు చాతుర్మాస్య దీక్షకు ఒక చోట నిలిచి అవసరములను కుదించుకొను ఋతువుననే గృహస్థులు అవసరములను పెంచుకొనుట కొంత నవ్వు పుట్టించును. విమర్శ వీరిపై కాదు. రెండవ గది, మూడవ గది ఉండి, దానిలో మనుష్యునికి చోటులేదని నిర్ణయించి, ఆ నిర్ణయమునకు శాస్త్రమును సాక్ష్యముగా పిలుచువారిపై.

నాంపల్లి స్టేషనునుండి రెడ్ హిల్స్ వైపు నడచినచో మెహ్దీ నవాజ్ జంగ్ పేరిట నెలకొన్న క్యాన్సర్ ఆసుపత్రి, దాని సమీపముననే నీలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉన్నవి. తాండూరు వైపునుండి రైలు దిగినవారు చేతిలో పరీక్షల కాగితముల సంచితో ఆ దారి పట్టుదురు. చికిత్స ఒకనాటితో ముగియదు. రోగిని లోపల చేర్చినచో వెంట వచ్చినవారు రాత్రి బయటనే పరుండుట అక్కడ నిత్యదృశ్యము. వారిలో కొందరికి ఈ నగరమున బంధువులున్నారు. స్టేషనులోనే ఫోను చేసి అడుగుదురు, వారము దినములు ఉండవలసి వచ్చును, చోటు దొరకునా అని. అవతలినుండి మర్యాదగానే సమాధానము వచ్చును: ‘గది ఖాళీ లేదు బాబాయ్, ఏమీ అనుకోకు.’

అది అబద్ధము కాదు. తలుపు తెరచినంతనే దీపములు వాటంతట అవియే వెలుగును. లోపల ఉడుపులు నిండుగా ఉన్నవి.