మా జీతం మా అస్తిత్వం కాదా?

ముస్లింల మీద వ్యాసం రాయమంటే మనకు కొన్ని సంగతులే గుర్తొస్తాయి. బాబ్రీ, గుజరాత్, బురఖా, తలాక్, ఉర్దూ. రాయాల్సినవే. నేనూ రాశాను. కానీ ఇరవై ఏళ్లు దాటినా నేను ఏ వ్యాసంలోనూ రాయని లెక్క ఒకటుంది. అది 9,300 రూపాయల లెక్క. 31 వాటర్ ఫిల్టర్లు, ఒక్కోదానికి 300 కమీషన్. హన్మకొండలో బోర్డు పెట్టిన ఒక సేల్స్ కంపెనీ నాకు బాకీపడ్డ డబ్బు. అది అస్తిత్వం కిందికి రాదనుకుని ఇన్నాళ్లూ రాయలేదు. ఆ అనుకోవడమే తప్పని ఇప్పుడు చెప్పదలిచాను.

మా అబ్బా ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లు 2002లో మూతపడింది. మిల్లు బతికున్నన్నాళ్లు అబ్బాకు జీతం చీటీ ఉండేది, యూనియన్ ఉండేది. జీతం ఆలస్యమైతే గేటు ముందు పద్మశాలీ, మాల, మాదిగ, ముసల్మాను ఒక్కచోటే నిలబడేవాళ్లు. మిల్లు మూతపడ్డ ఏడాదే నేను బి.ఏ. పట్టా పట్టుకుని సేల్స్‌లో చేరాను. నాకు టై ఇచ్చారు. చీటీ ఇవ్వలేదు.

పొద్దున ఎనిమిదింటికి మీటింగు. చప్పట్లు కొట్టించేవాళ్లు. నిన్న అమ్మినోణ్ణి ముందుకు పిలిచి మెచ్చుకునేవాళ్లు, అమ్మలేనోణ్ణి అందరి ముందు నిలబెట్టి తిట్టేవాళ్లు. మేనేజరు మూడు నెలలకొకడు మారేవాడు. పోయినోడు ఒప్పుకున్నది వచ్చినోడికి తెలియదు. చేరేటప్పుడు సెక్యూరిటీ కింద 2,000 కట్టించుకున్నారు. డిగ్రీ సర్టిఫికెట్ ఒరిజినల్ బీరువాలో పెట్టుకున్నారు. అపాయింట్‌మెంట్ లెటర్ మాత్రం ఎప్పుడడిగినా హైదరాబాదు నుంచి వస్తూనే ఉండేది. కస్టమరు రెండో కిస్తు కట్టకపోతే కమీషన్ కట్. మిషన్ చెడిపోయినా కట్. చెడిపోయే మిషన్ చేసింది కంపెనీ, జుర్మానా కట్టేది మేము.

నన్నెందుకు తీసుకున్నారో మొదటి వారంలోనే తెలిసింది. ‘నీకు తురకం వస్తది గదా, ఆ ఏరియాలన్నీ నీవే’ అన్నాడు మేనేజరు. మండీబజార్, చార్‌బౌళి, ఎల్.బి.నగర్. ఆ గల్లీల్లో పర్దా వెనక నుంచి ఖాలాలు నాతోనే మాట్లాడారు. ‘హమారాచ్ బచ్చా హై’ అని కొన్నారు. కుట్టుమిషన్ మీద సంపాదించిన డబ్బులు తెచ్చి కిస్తు కట్టారు. అంటే కంపెనీ అమ్మింది ఫిల్టర్‌ను కాదు, నా భాషను, మా అమ్మీ పేరును. ఒకనాడు పొద్దున పోయి చూస్తే ఆఫీసుకు తాళం. బోర్డు లేదు. ఖాలాలకు తెలిసిన అడ్రసు మా ఇల్లొక్కటే. మూడు నెలలు అమ్మీ ఏ పెళ్లికీ పోలేదు.

ఇదంతా హిందూ సేఠ్ చేసిన మోసమని ముగిస్తే నా వ్యాసం సులువైపోయేది. కానీ దాని తర్వాత నేను చేరింది మనవాడి కంపెనీలోనే. అత్తరు, తేనె, యూనానీ సరుకు. రంజాన్‌లో ఆ సేఠ్ ఇచ్చిన ఇఫ్తార్ గురించి ఊరంతా చెప్పుకున్నారు. మాకు నాలుగు నెలల జీతం లేదు. అడిగితే ‘సబర్ కరో మియా, ఖౌమ్ కా కామ్ హై’ అన్నాడు. గట్టిగా అడిగితే పెద్దమనుషులను పంపాడు. ‘మనోణ్ణి లేబరాఫీసుకు గుంజుతవా? బయటోళ్లు నవ్వరా?’ అన్నారు వాళ్లు. నేను ఊరుకున్నాను. నా పక్కన పనిచేసిన ధర్మసాగర్ మాదిగ పిల్లగాడు ఊరుకోలేదు. ‘నీకంటే నీ ఖౌమ్ అడ్డమొచ్చింది అన్నా, నాకేమడ్డం?’ అని దుకాణం ముందు కూసున్నాడు. వాడికి సగమన్నా వచ్చింది. నాకు సవాబ్ వచ్చింది.

కూలి ఆలస్యం చేయొద్దని ప్రవక్త చెప్పిన సంగతి ఆ పెద్దమనుషులకు తెలియదా? తూకంలో దగా చేసేవాళ్ల పేరు మీదే కురాన్‌లో 83వ సూరా ఉంది. దాని మీద ఏ జుమ్మా ప్రసంగంలో ఎంతసేపు మాట్లాడారు? నా గడ్డం పొడవు గురించి మాట్లాడినంతసేపు మాట్లాడారా?

ఇది నా ఒక్కడి గొడవ కాదు. అగ్రిగోల్డ్ సుమారు 32 లక్షల మంది దగ్గర డిపాజిట్లు తీసుకుని కూలింది. ఊళ్లో దొరికింది యజమానులు కాదు, కమీషన్ ఏజెంట్లు. జనం తలుపు కొట్టింది వాళ్ల ఇళ్లనే. వడ్డీ లేని హలాల్ వ్యాపారమన్న హీరా గ్రూప్ అధినేత్రిని 2018లో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. కేసులు సుప్రీంకోర్టు దాకా పోయాయి. 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ యజమాని దేశం దాటి పోయాడు. ఒకరు పొలం చూపించారు, ఇంకొకరు మజహబ్ చూపించారు. ఇల్లిల్లూ తిరిగి నమ్మించేది ఎప్పుడూ బస్తీ మనిషే.

చట్టం సంగతి చూడండి. లేబరాఫీసులో గుమాస్తా నన్నడిగిన మొదటి మాట, ‘నువ్వు ఉద్యోగివా, ఏజెంటువా?’ జవాబు చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు. అమ్మకాల ఉద్యోగుల కోసం 1976లోనే చట్టం వచ్చింది. అయినా మెడికల్ రెప్రజెంటేటివ్‌లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మెన్’ కారని 1994లో సుప్రీంకోర్టు అన్నది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన వేతనాల కోడ్, పని మానేసినవాడికి రెండు పనిదినాల్లో వేతనం ఇవ్వాలంటుంది. సంతోషం. కానీ అదే కోడ్ వేతనం నిర్వచనంలో నుంచి కమీషన్‌ను బయట పెట్టింది. మినహాయింపులు మొత్తం ఆదాయంలో సగం దాటితే, దాటినంతనే వేతనంగా లెక్కిస్తారు. కమీషనే తిండి అయినవాడికి చట్టం సగం ముద్దే లెక్కగడుతున్నది.

2006 సచార్ నివేదిక, పనిచేసే ముస్లింలలో నూటికి 61 మంది స్వయం ఉపాధిలో ఉన్నారని చెప్పింది. హిందువుల్లో అది 55. ‘స్వయం ఉపాధి’ అన్న మాట వినడానికి ఎంత మర్యాదగా ఉంది! మొదలు నౌకరీ దొరకక బండి పెట్టుకున్నవాడు, పంక్చర్లు వేసేవాడు, యజమాని ఉండీ కాగితం మీద లేనివాడు, అందరూ దాని కిందే దాక్కోవచ్చు.

లౌకికవాద మిత్రులారా, మీరు మా ఇఫ్తార్‌కు వస్తారు, అల్లర్లప్పుడు నిజనిర్ధారణకు వస్తారు. షుక్రియా. కానీ అల్లర్లు లేని రోజున మా పిల్లగాడి జీతం ఎగ్గొట్టినప్పుడు మీ యూనియన్ జెండా ఎక్కడుంది? టై కట్టుకున్నవాడు కార్మికుడిలా కనబడలేదా, లేక ముసల్మాను సేఠ్‌ను విమర్శిస్తే మతతత్వం అంటారని భయమా? ఆ భయం సేఠ్‌కు లాభం, మాకు నష్టం.

నా సోదర రచయితలారా, మనలో కులాలున్నాయని, మన ఆడవాళ్ల గొంతు నొక్కామని ఒప్పుకోవడానికే మనకు చాలా కాలం పట్టింది. మనలో యజమానులు, నౌకర్లు ఉన్నారని ఒప్పుకోవడానికి ఇంకెంత కాలం? బయటివాడి దాడి ముందు ఒక్కటిగా నిలబడదాం. కానీ లోపలివాడు జేబు కొడుతుంటే కూడా ఒక్కటిగా నిలబడమంటే, ఆ ఒక్కటి ఎవరిది?

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. మనవాడి దుకాణమైనా పరాయివాడిదైనా చేరిన రోజే ఉర్దూలోనో తెలుగులోనో చీటీ రాసివ్వాలి. మసీదు కమిటీ చందా తీసుకునే ముందు ఆ సేఠ్ నౌకర్లకు జీతాలిచ్చాడా అని అడగాలి. యూనియన్లు మండీబజార్‌లో కూడా ఒక బల్ల వేసి సభ్యత్వం రాయాలి. కమీషన్‌ను పూర్తిగా వేతనంగా లెక్కించాలని అందరం కలిసి అడగాలి.

నా 9,300 ఇక రాదు. కానీ ఈ సాయంత్రం మా గల్లీలో ఒక పిల్లగాడు టై విప్పుతూ, ఈ నెలన్నా ఇస్తారా భాయ్ అని నన్నడిగాడు. సబర్ చేయమని మాత్రం నేను చెప్పలేదు. లేబరాఫీసు అడ్రసు రాసిచ్చాను, రేపు వాడితో నేనూ పోతున్నాను.