వాళ్ళకి తాగడం తెలుసట, మనోళ్ళకి తెలీదట

2023లో ఆఫీసు పనిమీద డబ్లిన్‌లో మూడు నెలలు ఉన్నాను. ఒక శుక్రవారం సాయంత్రం టీమంతా కలిసి పూల్‌బెగ్ వీధిలోని మలిగన్స్ అనే పబ్బుకి లాక్కెళ్ళారు. 1782లో మొదలైన వ్యాపారం, ఈ వీధిలోకి వచ్చింది 1854లో. గిన్నిస్ బాగా పోసేది ఎక్కడ అని అడిగితే ఆ ఊళ్ళో చాలామంది ఈ పేరే చెప్తారు. లోపల నల్లబడిన చెక్క, పసుపు దీపాలు, అరిగిపోయిన స్టూళ్ళు. బయట చలీ, వానా. లోపల మాత్రం మా అవ్వ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉండింది.

గ్లాసు నింపడమే ఒక తతంగం. ముప్పాతిక దాకా పోసి పక్కన పెట్టేస్తారు. నురగ పైకి, నలుపు కిందికి విడిపోయేదాకా ఆగి, అప్పుడు మిగతాది పోస్తారు. మొత్తం 119.5 సెకన్లు పట్టాలని కంపెనీ వాళ్ళ ప్రచారం. (ఆ అర సెకను ఎవరు కొలిచారో! అన్నట్టు, మనం స్టాటిస్టిక్స్‌లో చదువుకున్న 'స్టూడెంట్స్ టి-టెస్ట్' కనిపెట్టిన గోసెట్ ఈ గిన్నిస్ ఉద్యోగే. సొంత పేరుతో అచ్చువేసుకోడానికి కుదరక 1908లో 'స్టూడెంట్' అని పెట్టుకున్నాడు. కొలతల పిచ్చి వాళ్ళకి పాతదే.) రుచి అంటారా.. మొదటి గుక్కకి చల్లారిన కాఫీ డికాక్షన్‌లో మాడిన సంకటి అడుగు కలిపినట్టు అనిపించింది. మాడ్చిన బార్లీ వేస్తారు, ఆ నలుపు దానిదే. ఆ ఒక్క గ్లాసుతో గంటన్నర కూర్చున్నా, ఎవడూ లేవమనలేదు. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన పేపరు చదువుతున్నాడు, ఇంకో మూల ఒక అమ్మా కూతురూ ఏదో గొడవపడి నవ్వుకుంటున్నారు.

మాతో గుంటూరు కుర్రాడొకడు ఉన్నాడు. "మీదెక్కడ బ్రదర్?" అన్నాడు. "యాడికి" అన్నా. "ఎక్కడికని కాదు, ఎక్కడా అని అడుగుతున్నా" అన్నాడు. (ఈ జోకు నేను పుట్టినప్పటినుంచీ వింటున్నా, నవ్వి ఊరుకున్నా.) అనంతపురం జిల్లాలో తాడిపత్రి పక్కన అని చెప్పాక, చుట్టూ చూసి ఒక మాటన్నాడు. "చూడు బ్రదర్, వీళ్ళకి తాగడం తెలుసు. ఎంత డీసెంట్‌గా ఉన్నారో! మనూళ్ళో తాగితే కాలవలో పడుకుంటారు. మనోళ్ళకి కల్చర్ లేదంతే."

అక్కడ వాదించలేదు. కానీ ఆ మాట ఇప్పటికీ లోపల గీరుతూనే ఉంది. ఎందుకంటే ఆ కాలవలో పడుకున్నవాళ్ళలో మా చిన్నమామ ఒకడు.

మామ నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు సాయంత్రం అయితే అత్త నన్ను పంపేది, పోయి పిల్చుకుని రారా అని. బ్రాందీ షాపు రోడ్డు మీద, తాగే చోటు దాని వెనక కంపచెట్ల చాటున. దీపం లేదు, కూర్చోడానికి రాయి కూడా లేదు. మామ ప్లాస్టిక్ గ్లాసులో సగం క్వార్టర్ పోసి, నీళ్ళ ప్యాకెట్ పళ్ళతో కొరికి కలిపి, కళ్ళు మూసుకుని ఒకే గుటకలో మింగేవాడు. మళ్ళీ ఇంకో సగం. నాలిక మీద ఇంత ఊరగాయ. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. "నిదానంగా తాగొచ్చు కదా మామా" అని ఒకసారి అడిగితే, "ఎవురన్నా చూస్తార్రా" అన్నాడు. ఇంటికి సగం దారి వచ్చేసరికి అది తలకెక్కేది. అప్పుడు కాలవ. 2014లో లివరు పోయి చనిపోయాడు, నలభై ఆరేళ్ళకి.

ఇంజనీరుని కాబట్టి లెక్క వేసుకున్నా. గిన్నిస్‌లో ఆల్కహాల్ 4.2 శాతం, గ్లాసు 568 మిల్లీలీటర్లు. అంటే అసలు సరుకు సుమారు 24 మిల్లీలీటర్లు. మన క్వార్టర్ 180 మిల్లీలీటర్లే కానీ 42.8 శాతం, అంటే 77. మూడు గ్లాసుల గిన్నిస్ పైచిలుకు. మా గుంటూరు తమ్ముడు ఆ మూడూ నాలుగు నిమిషాల్లో, ఖాళీ కడుపుతో, చీకట్లో నిలబడి మింగి, ఆనక తన కల్చర్ చూపించాలి. నేను పక్కనే ఉండి పట్టుకుంటాలెండి.

ఇక ఐరిష్ వాళ్ళ పుట్టుకతో వచ్చిన మర్యాద సంగతి. జేమ్స్ జాయిస్ 1914లో అచ్చువేసిన 'డబ్లినర్స్'లో 'కౌంటర్‌పార్ట్స్' అని ఒక కథ ఉంది. ఆఫీసులో తిట్లు తిన్న గుమాస్తా ఒకడు గడియారం తాకట్టు పెట్టి పబ్బు తర్వాత పబ్బు తిరుగుతాడు. చివరికి ఇంటికెళ్ళి చిన్న కొడుకుని కర్రతో బాదుతాడు. ఆ తిరుగుడులో ఒక మజిలీ ఏదనుకుంటున్నారు? పూల్‌బెగ్ వీధిలోని ఇదే మలిగన్స్! వాళ్ళకీ మా మామలుండేవాళ్ళు. ఇప్పుడూ ఉన్నారు. అందుకే అక్కడి ప్రభుత్వం 2022 జనవరి నుంచి ఒక పని చేసింది. గ్రాము ఆల్కహాల్‌కి 10 సెంట్ల కన్నా తక్కువకి ఎవరూ అమ్మకూడదు. ఎంత ఘాటు సీసా అయితే దాని కనీస ధర అంత పైకి పోతుంది. చౌకగా దొరికేదే అన్నిటికన్నా ఘాటుది కాకూడదన్నది లెక్క.

మన దగ్గర? రాజ్యాంగం 47వ అధికరణం మద్య నిషేధానికి ప్రయత్నించమంటుంది. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా పోయింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టాడు, 1997లో ఎత్తేశారు. 2019 అక్టోబరులో దశలవారీ నిషేధం అంటూ ప్రభుత్వమే షాపులు నడిపింది, పర్మిట్ రూములు తీసేసింది. అమ్మేది ప్రభుత్వమే, తాగడానికి మాత్రం చోటు లేదు. రోడ్డు మీద తాగితే కేసు. అంటే కంపచెట్లే గతి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులొచ్చాయి, దాంతోపాటు 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. తేలిక బీరు సీసా కావాలంటే అంతకన్నా ఎక్కువ పెట్టాలి. ఏ పార్టీ వచ్చినా బీదవాడికి చౌకగా దొరికేది ఆ 42.8 శాతమే! నేను చూసిన పర్మిట్ రూముల్లో కుర్చీ కూడా లేదు. తాగు, పో.

కల్లు ఉంది కదా అంటారేమో. పొద్దున దించిన కల్లు తేలికే. మా తాత కాలంలో కల్లంగడి దగ్గర ఈత చెట్ల కింద కూర్చుని పంచాయితీలు కూడా తెంపేవాళ్ళట. అలాగని దాన్ని మరీ నెత్తిన పెట్టుకోను, కల్లులో మందులు కలిపి జనాన్ని చంపిన కథలు మన పేపర్లలోనే చదివాం. కానీ కూర్చుని, మాట్లాడుతూ, నిదానంగా తాగడం మనకి రాని విద్య అని ఎవడైనా అంటే మాత్రం ఒప్పుకోను.

'పబ్ కల్చర్' అనగానే ఉలిక్కిపడే పెద్దమనుషులు ఇంకో రకం. 2009 జనవరిలో మంగళూరులో ఒక పబ్బులో దూరి అమ్మాయిల్ని కొట్టారు, సంస్కృతి కోసమట. మా షాపు వెనక కంపచెట్ల దగ్గరికి మాత్రం సంస్కృతి కోసం ఒక్కడూ రాలేదు.

యాడికిలో ఐరిష్ పబ్బు పెట్టమని నేను అడగట్లేదు (వానలే రావు, ఇంక ఆ చలి ఎక్కడిది). తాగమనీ చెప్పట్లేదు. ఇంత తాగితే ప్రమాదం లేదు అనే కొలతే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పేసింది. నేనడిగేది ఇంతే. అమ్మకం ఆపలేనప్పుడు పన్ను ఘాటుని బట్టి వెయ్యండి. అమ్మిన చోటే ఒక దీపం, నాలుగు కుర్చీలు, తాగేనీళ్ళు, ప్లేటు ఉగ్గాని పెట్టించండి. వీధి వైపు తలుపు తెరిచి ఉంచండి. షాపు లైసెన్సుకి ఎన్నో షరతులు పెడతారు కదా, ఇవి కూడా రాయండి.

పోయిన సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు ఆ పబ్బు ఫోటోలు అత్తకి చూపించాను. ఫోను దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది. "కూచోని తాగినా తాగేదేలే నాయనా" అంది. కాసేపాగి, "ఇట్లా వెలుతురులో ఉండింటే నిన్ను పంపే పని లేకపాయ. నేనే పోయి పిల్చుకొచ్చుందును" అని ఫోను నా చేతికిచ్చేసింది.