కొత్త ప్రాసెసర్: కొనడమా, వేచి ఉండడమా?

"ఆలస్యం అమృతం విషం" అన్నారు మన పెద్దలు. "నిదానమే ప్రధానం" అన్నదీ వారే. మన ఉర్దూ విభాగపు సోదరులు "సబర్ కా ఫల్ మీఠా" అంటారు. ఈ మూడింటిలో దేనిని అనుసరించాలో తెలియక నేటి విద్యార్థి తికమకపడే సందర్భం ఒకటి ఉన్నది. అది తన ఆటల కంప్యూటరుకు కొత్త ప్రాసెసర్ కొనే సందర్భం.

విషయం చిన్నదిగా తోచవచ్చు. కళాశాల సంచికలో కంప్యూటర్ ఆటలకు చోటేమిటని కమిటీ పెద్దలు ప్రశ్నింపవచ్చు. కాని మన విద్యార్థులలో చాలామంది ఇండ్లలో ఆ ఒక్క చిప్ వెల తండ్రి నెల సంపాదనలో చెప్పుకోదగిన భాగం. పైగా ఆటలాడే యంత్రం మీదనే వారు ప్రోగ్రాములు వ్రాస్తారు, ప్రాజెక్టు పనులు పూర్తి చేస్తారు. కావున దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయడం అప్రస్తుతం కాదని మా నమ్మకం. మా అభిప్రాయం ముందే చెబుతాము: కొలవకుండా కొనడం తగదు, గడువు లేకుండా వేచి ఉండడమూ తగదు.

వేచి ఉండమనేవారి వాదంలో బలం లేకపోలేదు. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 ప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. నేటి చిప్‌లలో వాటి సంఖ్య వందల కోట్లకు చేరింది. ఒక చిప్‌పై ఇమిడే భాగాలు ఏటేటా రెట్టింపవుతాయని గోర్డన్ మూర్ 1965లోనే ఊహించి, 1975లో ఆ గడువును రెండేండ్లకు సవరించాడు. ఇట్టి రంగంలో నేడు కొన్నది రేపటికి పాతబడక తప్పదు. అయితే ఈ వాదాన్ని కడదాకా తీసుకొనిపోతే ఎవరూ, ఎన్నడూ, ఏదీ కొనరాదు. వచ్చే ఏటి ప్రాసెసర్ విడుదలైననాడే దాని మరుసటి దానిని గూర్చిన వదంతులు మొదలవుతాయి. అలలు తగ్గిన తరువాత స్నానం చేద్దామని సముద్రపుటొడ్డున కూర్చున్నవాని కథ ఇదే.

కాలం గడిచినకొద్దీ ధర తగ్గుతుందనే విశ్వాసం మరొకటి. ప్రాసెసర్ల విషయంలో ఇది చాలావరకు నిజమే. కాని ప్రాసెసర్ ఒంటరిగా పనిచేయదు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధకు సంబంధించిన డేటా కేంద్రాల గిరాకీవల్ల మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ, సాధారణ వినియోగదారులకు 'క్రూషియల్' పేరిట మెమరీ అమ్మే వ్యాపారాన్ని విరమిస్తున్నట్లు ప్రకటించింది. చౌక అవుతుందని కాచుకొన్నవారే ఎక్కువ వెల చెల్లించవలసి వచ్చింది.

ఇక కొలత సంగతి. ఆట తడబడగానే నేరం ప్రాసెసర్‌పై మోపడం పరిపాటి అయినది. సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, 144 ఫ్రేములకైతే 6.9 మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో ఎవరు ఎక్కడ ఉన్నారు, తూటా ఎటు పోయింది అనే లెక్కలను ప్రాసెసర్ పూర్తిచేసి అందించాలి. గ్రాఫిక్స్ కార్డు ఆ దృశ్యాన్ని చిత్రించాలి. ఈ ఇద్దరు పనివారలలో ఆలస్యం చేసేది ఎవరో తెలియకుండా చికిత్స చేయరాదు.

పరీక్ష సులభం. ఫ్రేముల సంఖ్యకు విధించిన పరిమితులను తొలగించి, రిజల్యూషన్‌ను 1080 నుండి 720కి తగ్గించి, అదే ఘట్టాన్ని మరల ఆడండి. ఫ్రేముల సంఖ్య బాగా పెరిగితే ఆలస్యం గ్రాఫిక్స్ కార్డుది. పెరగకపోతే అనుమానం ప్రాసెసర్ వైపు తిరుగుతుంది. అప్పుడైనా తొందర వద్దు. రెండు ర్యామ్‌లు ఉండవలసిన చోట ఒక్కటే ఉన్నదేమో చూడండి. ఫ్యానులో దుమ్ము పేరుకొని, ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకొంటున్నదేమో చూడండి. సెకనుకు 60 సార్లు మాత్రమే మారే మానిటర్ ముందు కూర్చొని 200 ఫ్రేములకై డబ్బు పోయడంలో ఫలమెంతో కూడా విచారించండి.

ఇన్ని పరీక్షల పిమ్మట ప్రాసెసరే దోషి అని తేలిందనుకొందాము. అప్పుడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఉన్న మదర్‌బోర్డు కొత్త ప్రాసెసర్‌ను స్వీకరిస్తుందా? కీలకమంతా ఇక్కడనే ఉన్నది.

ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్లు 2017లో ఏఎం4 అనే సాకెట్‌పై వచ్చాయి. అదే సాకెట్‌పై 2022 ఏప్రిల్‌లో రైజెన్ 7 5800ఎక్స్3డీ వెలువడింది. దీని గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్, దీనికి అన్న వరుసైన 5800ఎక్స్‌ది 4.7. వేగంలో వెనుకబడినా చాలా ఆటలలో తమ్ముడే ముందు నిలిచాడు. అవసరమైన సమాచారాన్ని ప్రాసెసర్ తన చేతికందే దూరంలో దాచుకొనే ఎల్3 క్యాష్ 32 నుండి 96 మెగాబైట్లకు పెరగడమే ఇందుకు కారణం. అయిదేండ్లనాటి బోర్డు గలవారిలో అనేకులు బయోస్‌ను నవీకరించుకొని, బోర్డూ మెమరీ మార్చకుండానే ఈ లాభం పొందారు. ఇందుకు భిన్నంగా ఇంటెల్ వారి 8వ తరం ప్రాసెసర్లు 2017 అక్టోబరులో వచ్చినప్పుడు, సాకెట్‌కు అదే 1151 సంఖ్య ఉన్నా, ఆ ఏడాది జనవరిలో వచ్చిన బోర్డులు వాటికి పనికిరాలేదు.

కావున మా సలహా రెండు విధాలు. ఉన్న బోర్డే సరిపోయే పక్షంలో, కొలత అవసరాన్ని నిరూపిస్తే, ఇప్పుడే కొనండి. పాత సాకెట్‌కు తగిన మేలైన చిప్‌లు చిరకాలం దొరకవు; పైన చెప్పిన 5800ఎక్స్3డీ 2024 నాటికే దుకాణాలలో అరుదైపోయింది. ఇక్కడ ఆలస్యమే విషం. బోర్డు మార్చక తప్పని పక్షంలో ఖర్చు ఒక్క చిప్‌తో ఆగదు. 2024 నవంబరులో రైజెన్ 7 9800ఎక్స్3డీ ఒక్కదాని విడుదల ధరే 479 డాలర్లు. దానికి ఏఎం5 బోర్డు కావాలి, ఆ బోర్డుకు డీడీఆర్5 మెమరీయే కావాలి. ఇక్కడ నిదానమే ప్రధానం.

అయితే ఆ నిదానానికి కాలెండరులో ఒక తేదీ ఉండాలి. వార్షిక పరీక్షల ముగింపు ఒక తేదీ. సంస్థ స్వయంగా ప్రకటించిన విడుదల దినం ఒక తేదీ. ఇంటివారిపై భారం మోపకుండా కూడబెట్టిన సొమ్ము పూర్తయ్యే నెల అన్నింటికంటె మంచి తేదీ. వదంతి తేదీ కాదు. ఆ రోజు రాగానే, అప్పటికి దొరికేవాటిలో తగినది తీసుకొని నిశ్చింతగా ఉండండి. కొందరికి తేదీ దాటిపోయింది కూడా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. తొలితరం రైజెన్లనూ, 8వ తరానికి ముందటి ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అన్నింటినీ విండోస్ 11 అధికారికంగా స్వీకరించదు. చదువుకూ ఆ యంత్రమే ఆధారమైనవారు దీనిని ఆటల ఖర్చుగా భావింపనవసరం లేదు.

కొత్త సరుకులో లోపాలు బయటపడేదాకా ఆగుదామనేవారూ కలరు. ఇంటెల్ 13వ తరం 2022లోనూ, 14వ తరం 2023లోనూ వచ్చాయి. వాటిలో కొన్ని అధిక వోల్టేజి వలన క్రమంగా దెబ్బతింటున్న సంగతి 2024లో గాని లోకానికి స్పష్టం కాలేదు. సంస్థ దిద్దుబాటు మైక్రోకోడ్‌ను విడుదల చేసి, వారంటీని రెండేండ్లు పొడిగించింది. కొద్ది నెలలు ఆగినవారిని ఆ నిరీక్షణ కాపాడలేదు. బిల్లు జాగ్రత్త చేసుకొన్నవారిని వారంటీ కాపాడింది.

సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కే విద్యార్థి ముందుగా ఒక కాగితంపై అయిదు సంగతులు వ్రాసుకోవాలి: బోర్డు పేరు, బయోస్ సంఖ్య, మెమరీ రకం, పవర్ సప్లయ్ వాట్లు, మానిటర్ హెర్ట్జ్. ఆ కాగితం లేనివానికి అమ్మేవాని మాటే శాసనం.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రయోగశాలలోని కంప్యూటర్ల విషయంలో మన ముందు వచ్చే ప్రశ్నా ఇదే. తమ సొమ్ముతో తమ యంత్రాలను విప్పి, కొలిచి, అమర్చుకొనే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఆటగాళ్ళని వారిని తీసివేయక, కొత్తవి కొనే తీర్మానం చేసేముందు పాతవాటిని పరీక్షించే పని వారికి అప్పగించి చూడండి. ఏ యంత్రానికి ఏమి కావాలో వారు వ్రాసి ఇచ్చే జాబితా కమిటీ సొమ్మును ఆదా చేస్తుందని మా విశ్వాసం.