తండ్రి ఆహారమూ అమానతే

మా నెల్లూరు సముద్రతీర గ్రామాలలో కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంటిల్లిపాది దృష్టీ ఆమె పళ్లెం మీదనే నిలుస్తుంది. పాలు, గుడ్లు, ఖర్జూరాలు ఆమెకే. బిడ్డ బలహీనంగా పుడితే నింద కూడా ఆమెకే. తండ్రి ఏమి తిన్నాడని అడిగేవారు అరుదు.

తల్లీబిడ్డల ఆహారానికున్న ప్రాముఖ్యం మన నేలమీదనే వెల్లడైనది. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీప గ్రామాలలో గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం అందించి జాతీయ పోషకాహార సంస్థ పరిశీలన జరిపింది. ఆ పిల్లలు కౌమారంలో, అది అందని గ్రామాల పిల్లలకంటె సుమారు 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. వారి శరీరం ఇన్సులిన్‌కు మెరుగుగా స్పందించింది.

తండ్రి సంగతి చిట్టెలుకలలో తేలింది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆలివర్ రాండో బృందం మగ ఎలుకలకు మాంసకృత్తులు దాదాపు సగానికి తగ్గించిన మేత పెట్టింది. ఆడ ఎలుకలకు మామూలు మేతే. అయినను వాటి పిల్లల కాలేయాలలో కొవ్వును, కొలెస్ట్రాల్‌ను తయారుచేసే జన్యువులు మరింత చురుకుగా పనిచేస్తున్నట్లు 2010లో ప్రకటించారు.

జన్యువుల అక్షరాలు మారకుండానే ఇది ఎట్లు సాధ్యం? 2016లో ఉపాస్నా శర్మ, రాండో తదితరులు ఒక మార్గం చూపారు. వృషణాన్ని వీడిన వీర్యకణాలు మెలికల నాళంలో పయనిస్తూ పక్వమవుతాయి. ఆ దారిలో ఆర్‌ఎన్‌ఏ తునకలు వాటిలో చేరుతాయి. మాంసకృత్తులు తగ్గిన మేతతో కొన్ని తునకలు పెరిగాయి. అట్టి తునకలు పిండపు తొలి దశలో కొన్ని జన్యువుల పనిని అణచివేస్తాయి. గ్రంథం అదే, ఏ పుట తెరవాలో చెప్పే గుర్తులు మారాయన్నమాట.

చిట్టెలుకలో కనబడినదంతా మనిషికి వర్తిస్తుందని మేము చెప్పము. అయితే మనిషిలో వీర్యకణం రూపొందడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి నికాహ్ నిశ్చయమైన నాటినుండే వరుని ఆహారంపై శ్రద్ధ వహించడం వృథా కాదు. రొయ్యల చెరువుల కాపలాలో టీతో, గుట్కాతో రాత్రులు గడిపే సోదరులారా! పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర మన తీరంలో దొరకనివి కావు. ఆహారం హలాల్ అయితే చాలదు, తయ్యిబ్, అనగా శుభ్రమైనది, మేలైనది కూడా కావాలి.

అత్తమామలకు ఒక మనవి. బిడ్డ తక్కువ బరువుతో పుడితే కోడలిని దోషిగా నిలబెట్టకండి. బిడ్డ ఇద్దరికీ అప్పగించిన అమానత్. పెళ్లికి సిద్ధమవుతున్న కుమారుని పళ్లెంలో ఏమున్నదో ముందుగా చూడండి.