తెల్లవారి ప్రైమరీ, అట్లాంటా నెత్తురు

1906 ఆగస్టు 22న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో గవర్నర్ పదవికి డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక, జరిగింది. ప్రధాన పోటీదారులిద్దరూ పత్రికల వాళ్లే. హోక్ స్మిత్ ఒకప్పటి 'అట్లాంటా జర్నల్' యజమాని, క్లార్క్ హొవెల్ 'అట్లాంటా కాన్‌స్టిట్యూషన్' సంపాదకుడు. మరో పార్టీకి అక్కడ గెలిచే దారే లేదు కనుక అసలు ఎన్నిక ప్రైమరీయే, ఆ తరవాతిది లాంఛనం. ఆ ప్రైమరీలో నల్లజాతివారికి ఓటు లేదు.

స్మిత్‌కు సంస్కర్త అని పేరు. అది ఊరికే వచ్చింది కాదు. రైలు కంపెనీల పెత్తనాన్ని ఆయన గట్టిగానే ఎదిరించాడు. కానీ అదే నోటితో, నల్లవారికి సాధారణ ఎన్నికల్లో మిగిలిన కాస్త ఓటు హక్కునూ తీసేస్తానని మాటిచ్చాడు. ఆ మాట కోసమే టామ్ వాట్సన్ ఆయన పక్షాన నిలిచాడు. 1890లలో నల్ల రైతులనూ తెల్ల రైతులనూ ఒక్కతాటి మీదికి తేవాలని చూసిన పాపులిస్టు నాయకుడు ఆ వాట్సనే! ఓటు వేయాలంటే కట్టాల్సిన పోల్ టాక్సూ, తెల్లవారి ప్రైమరీ ఉండగా కొత్త చట్టం దేనికి, దానివల్ల బీద తెల్లవారి ఓట్లూ పోతాయన్నది హొవెల్ వాదన. నల్లవారికి జరిగే అన్యాయం ఆయన లెక్కలోకే రాలేదు.

స్మిత్ భారీ ఆధిక్యంతో గెలిచాడు.

సరిగ్గా నెలకు, సెప్టెంబరు 22న, నల్లవారు తెల్ల స్త్రీలపై దాడులు చేశారంటూ రుజువులేని కథనాలతో అట్లాంటా పత్రికలు ప్రత్యేక సంచికలు వేశాయి. వేలమంది తెల్లవారు వీధుల్లోకి వచ్చి, కనబడిన నల్లవారి మీద పడ్డారు. కనీసం 25 మంది నల్లవారు హతమయ్యారు. ఈ నేరాన్ని అల్లరిమూక ఒక్కదాని మీదికే నెట్టడం తప్పు. నెలల తరబడి ఓట్ల కోసం ద్వేషాన్ని అచ్చువేసిన వారికీ అందులో వాటా ఉంది.

1908లో స్మిత్ మాట చట్టమైంది. ఓటరుగా చేరాలంటే అక్షరాస్యతో ఆస్తో చూపాలి. మాజీ సైనికుల వారసులకు మాత్రం మినహాయింపు, అంటే దాదాపుగా తెల్లవారికి.

అభ్యర్థిని నాయకులు గదిలో కూర్చుని తేల్చడం కన్నా ప్రైమరీ మేలన్నది నిజమే. అయితే ఓటర్లెవరో పార్టీయే తేల్చుకున్న జార్జియాలో ఆ మేలు తెల్లవారి గడప దాటలేదు. 1944 జులై 4న కొలంబస్ పట్టణంలో ప్రైమస్ కింగ్ అనే నల్లజాతి మంగలి, మతబోధకుడు, ప్రైమరీలో ఓటు వేయబోతే బయటికి పంపేశారు. ఆయన కోర్టుకెక్కి గెలిచాడు. 1946లో అప్పీలు కోర్టు కూడా ఆయన పక్షానే తీర్పు చెప్పింది. ఆ ఏడాది గవర్నర్ ప్రైమరీలో జార్జియా నల్లవారు ఓటు వేశారు.