పెక్కు పనుల పనిముట్టు

ఒక్క పనిముట్టు పది పనులు చేయుననుమాట వినుట కింపుగా నుండును. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున 1822లో జోసెఫ్ రాడ్జర్సు సంస్థవారు, ఆ సంవత్సరపు సంఖ్యకు సరిగా, 1822 అలుగులుగల చాకును చేసిరి. అది చూచుటకు వింతయే కాని కాయ కోయుటకు తగదు. సుత్తి, గొడ్డలి, పటకారు కలిపిన పనిముట్లును కలవు. సుత్తితో కొట్టునపుడు గొడ్డలి వాదర కొట్టువాని వైపే తిరిగియుండును!

మన నెల్లూరు తీరపు వంటయిండ్లలోని కత్తిపీటను చూడుడు. దాని అలుగు చేపలను, కూరగాయలను కోయును. కొననున్న పండ్ల కోరాము కొబ్బరిని కోరును. రెంటికిని కూర్చుండు తీరొక్కటే. కాలితో పీటను అదిమినచో రెండు చేతులును పనికి మిగులును. ఒకటి వేరొకదాని కడ్డురాదు.

కావున పనిముట్టునకు పనుల సంఖ్య కాదు, పొందిక ప్రధానము. ఒక్క పనిముట్టునే కొనగల పేదయింటికి ఈ వివేకము మిక్కిలి యవసరము.