తల లేనప్పుడు తలా ఎంత?

పన్నెండుని సున్నాతో భాగిస్తే ఎంతని బడిలో అడిగితే మా అమ్మాయి "పన్నెండే" అందట. క్లాసంతా నవ్వారు, చెప్పే ఆవిడతో సహా. అప్పట్నుంచి లెక్కల క్లాసులో చెయ్యెత్తడం మానేసింది.

ఆ జవాబు ఎక్కడిదో నాకు తెలుసు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి విజయనగరం చుట్టాలొస్తారని అరిసెలు వండాను. ఎవరూ రాలేదు. పన్నెండూ డబ్బాలోనే ఉండిపోయాయి.

సున్నాతో భాగిస్తే సంఖ్య మారదని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడంతటివాడే అన్నాడు. ఆయన గణితసార సంగ్రహాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు.

మరి తప్పెక్కడ? రాత్రి అరిసెల డబ్బా ముందేసుకుని కూర్చున్నాం. నలుగురికి పంచితే తలా మూడు. మూడు నాలుగులు పన్నెండు, సరిపోయింది. సున్నా మందికి తలా పన్నెండంటే, పన్నెండు సున్నాలు పన్నెండవ్వాలి. అవదు, సున్నాయే. డబ్బాలో మిగిలింది వేరు, తలా వచ్చింది వేరు.

"తలే లేనప్పుడు తలా ఎంతని ఎలా అడుగుతారమ్మా?" అంది.

తప్పుంటే దిద్దండి, నవ్వకండి. లెక్క దిద్దడానికి నాకు పది నిమిషాలు పట్టింది. దించేసిన ఆ చెయ్యి మళ్లీ లేవడానికి ఎన్నాళ్లు పడుతుందో!